లారీ ఎక్కనా అక్కా? - ఒక డ్రైవర్ కూతురి జవాబు

(విశ్వవిద్యాలయ విద్యార్థుల మే డే సభలో చేసిన ప్రసంగ పాఠం)



'కులం - అసంఘటిత కార్మికులు' అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. పేపర్ రాసుకుని వచ్చి చదవొచ్చు. కానీ పది రోజుల క్రితం మా తమ్ముడు ఫోన్ చేసి ఒక మాట అడిగాడు. వాడికి ఇంకా జవాబు చెప్పలేదు. ఆ జవాబేంటో ఇక్కడ మీ ముందే ఆలోచిద్దామనుకుంటున్నాను.

వాడికి ఇరవై మూడేళ్లు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాడు, ఒక షెడ్డులో పనిచేస్తున్నాడు. ఈ మధ్యే హెవీ లైసెన్స్ తీసుకున్నాడు. గుంటూరు నుంచి ఢిల్లీకి మిర్చి తోలే ఓనరు ఒకాయన నెలకు 22 వేలు జీతం, బత్తా వేరుగా ఇస్తానన్నాడట. "లారీ ఎక్కనా అక్కా?" అన్నాడు.

మా నాన్న ఇరవై ఆరేళ్లు లారీ తోలాడు. నేను పీహెచ్‌డీ దాకా వచ్చింది ఆ ట్రిప్పు డబ్బులతోనే. అందుకే 'వద్దు, చదువుకో' అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పైగా ఐదు నెలలుగా నా ఫెలోషిప్ పడలేదు. మొన్న నా మెస్ బిల్లు కట్టింది ఆ తమ్ముడే. ఏ బతుకు మంచిదో వాడికి చెప్పే ముందు నా బతుకు సంగతి కూడా నేను ఒప్పుకోవాలి.

ముందు నాన్న లారీ ఎందుకు ఎక్కాడో చెప్తాను. మాది జగ్గయ్యపేట దగ్గర మాదిగ పల్లె. తాత ఒక రైతు దగ్గర పాలేరు. నాన్నను కూడా అక్కడే జీతానికి పెట్టాలనుకున్నారు. పదహారేళ్లప్పుడు సిమెంటు లారీకి క్లీనర్‌గా వెళ్లిపోయాడు. ఎందుకు నాన్నా అని అడిగితే డబ్బుల గురించి చెప్పలేదు. "ఊళ్లో హోటల్లో టీ తాగితే నా గ్లాసు నేనే కడిగి పక్కన పెట్టాలి. నాగపూర్ దాటాక దాబాలో తాగితే ఆ గ్లాసు వాళ్లే కడిగేవాళ్లు" అన్నాడు.

లారీ డ్రైవర్ల మీద రాసేటప్పుడు ఆదాయం, అప్పు, అనారోగ్యం లెక్కేస్తాం. ఈ గ్లాసు మన పట్టికలో ఏ గడిలోనూ పట్టదు. నాన్న తరం దళితుడికి రోడ్డు ఇచ్చింది జీతం ఒక్కటే కాదు. ఊరు దాటే దారి ఇచ్చింది, చేతికి నగదు ఇచ్చింది, ఎవరూ లాక్కోలేని పనితనం ఇచ్చింది. క్లీనర్ కుర్రాడు 'గురూ' అని పిలిచే హోదా ఇచ్చింది. ఈ పని విలువను తూచేటప్పుడు ఇది కూడా తూకంలో పడాలి.

అలాగని రోడ్డు మీద కులం లేదని కాదు. ట్రిప్పు దిగాక నాన్న ఓనరింటి అరుగు మీద నిలబడే లెక్క అప్పజెప్పేవాడు. లారీ ముందు ఓనరు ఇంటిపేరు, వెనక ఓనరు పిల్లల పేర్లు ఉండేవి. నేను ఫీల్డ్ వర్క్‌లో తిరిగిన చోటల్లా స్టీరింగ్ దగ్గర మనవాళ్లు, ముస్లింలు, బీసీలు కనబడ్డారు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కుర్చీలో మనవాళ్లు కనబడటం అరుదు.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో అణగారిన వర్గాల రైల్వే కార్మికుల సభలో బాబాసాహెబ్ మాట్లాడింది సరిగ్గా ఈ విషయమే. రైల్వేలో అంటరాని కార్మికుడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతున్నాడని, పోర్టర్ పని కూడా దక్కడం లేదని చెప్పారు. ఎందుకంటే స్టేషన్ మాస్టర్లు పోర్టర్లతో ఇంటిపని కూడా చేయించుకునేవాళ్లు. అంటరానివాణ్ని ఇంట్లోకి రానివ్వరు కాబట్టి ఆ ఉద్యోగంలోకీ రానివ్వలేదు. అందుకే కార్మికుడికి శత్రువులు ఇద్దరని, ఒకటి పెట్టుబడిదారీ విధానం, రెండోది బ్రాహ్మణవాదం అని ఆయన ఆ సభలో చెప్పారు. జీతం ఎంత అన్నది ఒక ప్రశ్న. ఎవరు ఏ సీటు దాకా వెళ్లగలరన్నది రెండో ప్రశ్న. తమ్ముడి విషయంలో నేను రెండూ అడగాలి.

రెండో ప్రశ్నే ముందు చూద్దాం. డ్రైవర్ ఓనరు కాగలడా? 2021లో తెలంగాణలో దళితబంధు మొదలుపెట్టి కుటుంబానికి 10 లక్షలు ఇచ్చినప్పుడు చాలామంది వాహనాలే అడిగారు. అది తెలివితక్కువ కోరిక కాదు, తెలిసిన పనిలోనే యజమాని కావాలన్న కోరిక. కానీ 10 లక్షలకు ట్రాలీనో, కారో వస్తుంది. ఢిల్లీ దాకా వెళ్లే 12 టైర్ల లారీ రాదు. మిగతాది ఫైనాన్స్‌లో తెచ్చుకుంటే, రెండు నెలలు కిరాయిలు సరిగా లేకపోయినా బండిని సీజ్ చేస్తారు.

ఇక జీతం. తమ్ముడికి చెప్పిన 22 వేలను నేను గంటల్లోకి మార్చి చూశాను. నాన్న రోజుకు సగటున 14 గంటలు పనిచేసేవాడు. స్టీరింగ్ పట్టుకున్నవి, తాళ్లు బిగించి పట్టా కప్పినవి మాత్రమే ఇందులో లెక్క. అన్‌లోడింగ్ కోసం గోడౌన్ బయట పడిగాపులు కాసినవి వేరు. నెలకు 26 రోజులు వేసుకుంటే 364 గంటలు. అంటే గంటకు దాదాపు 60 రూపాయలు.

ఇప్పుడు చట్టం చూడండి. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. దూరప్రాంత రూట్లలో అనుమతి తీసుకున్నా రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటలు దాటకూడదంది. అదనపు గంటలకు రెట్టింపు వేతనం అంది. నెలకు 208 గంటల పనికి 22 వేలు అనుకుంటే, మిగతా 156 గంటలకు రెట్టింపు లెక్కన ఇంకో 33 వేలు రావాలి. మొత్తం 55 వేలు. 14 గంటల పనిని చట్టమే ఒప్పుకోదు కాబట్టి ఇది ఊహాలెక్కే. కానీ మా ఇంటికి రాని డబ్బు ఎంతో ఆ లెక్కలో కనబడుతుంది.

ఈ చట్టం నాన్నకెందుకు అందలేదు? అది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. మన దేశంలో లారీ ఓనర్లలో ఎక్కువమంది చిన్నవాళ్లే, ఒకటి రెండు బండ్లవాళ్లు. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ రవాణా వాహనం నడిపే ఎవరికైనా ఆ పని గంటలే వర్తిస్తాయంది. కానీ కూలీ ట్రిప్పు లెక్కన ఇస్తే గంటలు ఎవరు చూస్తారు? ఆ చట్టాన్ని డ్రైవర్ చేతే ఉల్లంఘింపజేయడం ట్రిప్పు లెక్కలో ఉన్న కిటుకు. ఇక 2020 వృత్తి భద్రత కోడ్ ఆ 1961 చట్టాన్ని తనలో కలిపేసుకుని, ఐదుగురన్న చోట పదిమంది అని రాసింది. గడప ఇంకా ఎత్తయింది.

1946లో ఫ్యాక్టరీ పని వారాన్ని 54 గంటల నుంచి 48కి తగ్గించే బిల్లును కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టింది కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్న అంబేద్కరే. ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ 48 గంటలు హైవే ఎక్కలేదు. 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మంచిదే. నాన్న ఎండల్లో ఇంజిన్ వేడికి తడిగుడ్డ మెడకు చుట్టుకుని తోలాడు. కానీ ఏసీ వేడిని తగ్గిస్తుంది, గంటల్ని కాదు.

మా అమ్మ గోడ క్యాలెండర్ మీద నాన్న వెళ్లిన రోజు గీత, వచ్చిన రోజు సున్నా పెట్టేది. ఆ క్యాలెండర్లన్నీ తెచ్చి లెక్కపెట్టాను. ఏడాదిలో ఎనభై రోజులకు మించి నాన్న ఇంట్లో ఉన్న ఏడు ఒక్కటీ లేదు. ఇప్పుడు ఆయనకు షుగరు, నడుంనొప్పి. పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు. ఆ ఎనభై రోజులు పోగా మిగిలిన రోజుల్లో ఇల్లు నడిపిన అమ్మ పనికి ఏ చట్టంలోనూ పేరే లేదు.

డ్రైవర్ నెత్తిన ఇంకో భారం కూడా ఉంది. 2024 జనవరి మొదటి రోజుల్లో డ్రైవర్లు బండ్లు ఆపేస్తే మనలో చాలామంది హైదరాబాద్ బంకుల దగ్గర క్యూలో నిలబడి విసుక్కున్నాం. కొత్త న్యాయసంహిత 106(2) ప్రకారం, నిర్లక్ష్యపు డ్రైవింగ్ వల్ల మనిషి చనిపోతే, డ్రైవర్ పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు. చనిపోయిన వాళ్లు కూడా ఎక్కువగా మనలాంటి నడిచేవాళ్లు, బైకులవాళ్లే, వాళ్లకు న్యాయం జరగాల్సిందే. కానీ ఆగితే జనం కొడతారు, పారిపోతే పదేళ్లు. పద్నాలుగు గంటలు తోలించినవాడి పేరు ఆ సెక్షన్‌లో లేదు. సమ్మె వల్లే, 2024 జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఉపసెక్షన్‌ను పక్కనపెట్టారు. ఇది గుర్తుపెట్టుకోవాలి. రెండు రోజులు బండి ఆగితే ఢిల్లీ వింది.

డ్రైవర్లు దొరకడం లేదని ఓనర్లు ఇప్పుడు గోల పెడుతున్నారు. 2020లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ సర్వేలో 84 శాతం డ్రైవర్లు ఈ పనిని తమ ఇంట్లోవాళ్లకు సిఫారసు చేయబోమన్నారు. దీన్ని నేను కొరత అనను, షరతుల మీద కార్మికుల తీర్పు అంటాను. ఖర్చు తగ్గుతుందని క్లీనర్‌ను తీసేశారు. చదువు మానేసిన కుర్రాడు పని నేర్చుకునే బడి ఆ క్లీనర్ సీటే. ఆ బడి మూసేసి పిల్లలు రావడం లేదంటే ఎలా?

కాబట్టి తమ్ముడికి నా జవాబు ఇది. పని చెడ్డది కాదురా. నాన్న చేసింది తక్కువ పని కాదు. కానీ ఈ షరతుల మీద ఎక్కొద్దు. కాగితం మీద జీతం, పని గంటలు రాసివ్వమను. ఢిల్లీ రూట్‌కు రెండో డ్రైవర్‌ను అడుగు. పీఎఫ్, ప్రమాద బీమా అడుగు. కేసైతే బెయిలు, లాయరు ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకో.

వాడేమంటాడో నాకు తెలుసు. "ఇవన్నీ అడిగితే ఇంకొకణ్ని పెట్టుకుంటారు అక్కా." ఒక్కడివే అడిగితే నిజమే. కానీ ఆ ఇంకొకడు ఇప్పుడు దొరకడం లేదు. డ్రైవర్లు కలిసి అడగడానికి ఇంతకంటే మంచి సమయం నాన్న తరానికి రాలేదు. షెడ్డులో ఉండగానే లైసెన్సున్న నలుగుర్నీ కూడగట్టమని చెప్తాను.

మీకు కూడా ఒక పని ఉంది. లేబర్ కోడ్‌ల మీద సెమినార్లు పెడతాం. ఐదుగురు పదిమంది అయిన సంగతి ఏ దాబా దగ్గరా ఎవరికీ తెలియదు. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆ ఒక్క కాగితం తెలుగులో రాసి, మీ హైవే మీద లారీలు ఆగే చోట చదివి వినిపించండి. ఆ 55 వేల లెక్క కూడా వేసి చూపించండి.

ఈ రాత్రికి తమ్ముడికి ఫోన్ చేస్తాను. జై భీమ్.