ఆపరేషన్ తరువాత బరువు మళ్ళీ పెరిగితే

(రోగుల కుటుంబ సభ్యుల కూడికలో డాక్టరుగారు చేసిన ప్రసంగం)



ఈ కూడికకు పేషెంట్లను కాక ఇంటివారిని పిలిచాము. దానికి కారణముంది. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకొని, కొన్నేళ్ళకు మళ్ళీ బరువు పెరిగినవారిలో చాలామంది సిగ్గుపడి ఆసుపత్రికి రారు. వారిని తీసుకురావలసినది మీరే.

ఒక సోదరి సంగతి చెబుతాను. 118 కిలోల బరువున్నప్పుడు స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే కడుపులో ముప్పాతిక భాగం పైగా తీసివేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. ఏడాదిన్నరలో 79 కిలోలకు వచ్చారు. షుగరు మాత్రలు తగ్గాయి. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పి కృతజ్ఞతార్పణ కూడా ఇచ్చారు. ఆరేళ్ళు గడిచేసరికి బరువు 98 అయింది. మొదట చెకప్‌కు రావడం మానేశారు, తరువాత మందిరానికి వెళ్ళడం మానేశారు. "అంతమంది ముందు సాక్ష్యం చెప్పినదాన్ని, ఏ ముఖం పెట్టుకొని వెళ్ళనండీ" అన్నారు. పక్కనే కూర్చున్న భర్త "లక్షలు పోశాం సార్, నోరు కట్టుకోవడం చేతకాలేదు" అన్నారు. ఆమె తల వంచుకున్న తీరు చూస్తే ఆ మాట ఆమెకు కొత్త కాదని తెలిసింది.

నేను ఆయనకు ఒక లెక్క చెప్పాను. 1987లో స్వీడన్‌లో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. అందులో బైపాస్ చేయించుకున్నవారు తొలి ఒకటి రెండేళ్ళలో సగటున తమ బరువులో 32 శాతం తగ్గారు. పదేళ్ళకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. నూరు కిలోల మనిషి 68కి దిగి, మళ్ళీ 75కి చేరినట్టు. బరువు బాగా తగ్గితే శరీరం కరువు వచ్చిందనుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. కాబట్టి కొన్ని కిలోలు తిరిగి రావడం ఆపరేషన్ చెడిపోయినట్టు కాదు, తిండిపోతుతనమూ కాదు.

అయితే ఈ సోదరికి తగ్గిన 39 కిలోలలో 19 తిరిగి వచ్చాయి. అంటే దాదాపు సగం. ఇంత పెరిగితే కారణం వెదకాలి. ఏం తింటున్నారని అడిగితే ఆమె చెప్పలేదు, అత్తగారు చెప్పారు. చపాతీ, కోడికూర తింటే గుండెల దగ్గర పట్టేసి వాంతి అవుతుందట. "ఏమీ తినలేకపోతోందని జాలిపడి" ఆవిడే టీలో బిస్కట్లు, పాలలో నానబెట్టిన బ్రెడ్డు, ఐస్‌క్రీము, చక్కెర వేసిన సగ్గుబియ్యం జావ ఇస్తూ వచ్చారు. చిన్న కడుపులో అన్నం ఎక్కువ పట్టదు గాని, జారిపోయే తీపి పదార్థాలు రోజంతా పడతాయి. ఎండోస్కోపీ చేస్తే ఆ గొట్టం మధ్యలో ఇరుకైనట్టు కనబడింది. మాంసం, పప్పు దిగక, తీపి ఒక్కటే దిగుతోంది. బెలూన్‌తో ఆ ఇరుకును వెడల్పు చేశాము. డైటీషియన్ సిస్టర్ గుడ్డు, పెరుగు, మెత్తగా ఉడికిన చేపతో మొదలుపెట్టించారు. ఏడాదిలో 9 కిలోలు తగ్గారు. రెండవ ఆపరేషన్ అవసరం రాలేదు.

అందరికీ కారణం ఇదే ఉండదు. థైరాయిడ్, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు, దిగులు, మద్యం, సాగిన కడుపు, ఏదైనా కావచ్చు. 2000 తరువాతి ఏళ్ళలో కడుపుకు బ్యాండ్ వేయించుకున్నవారికి అది జారి ఉండవచ్చు. అందుకే "మళ్ళీ ఆపరేషన్ చేసేయండి సార్" అని పొలం అమ్మిన డబ్బుతో వచ్చినవారికి, ముందు ఆ డబ్బు బ్యాంకులో వేసి రండని చెబుతాను. స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం వంటివి చేస్తాము. తీవ్రమైన పులితేన్పులు, గుండె మంట ఉన్నవారికి అవి నిజంగా మేలు చేస్తాయి. కాని పాత కుట్ల వలన లోపల అతుకులుంటాయి. లీకయ్యే ప్రమాదం మొదటిసారి కంటే ఎక్కువ, తగ్గే బరువు సాధారణంగా తక్కువ. ఇప్పుడు సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. కొందరికి బాగా పనిచేస్తున్నాయి. ఆపితే బరువు తిరిగి వస్తుంది కాబట్టి ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి. మందుల షాపులో అడిగి మీరే కొనవద్దు.

వచ్చేటప్పుడు పాత డిశ్చార్జి కార్డు, ఆపరేషన్ నోట్సు తీసుకురండి. "కడుపు తగ్గించే ఆపరేషన్" అంటే మాకు చాలదు, ఏ ఆపరేషనో తెలియాలి. కాగితాలు పోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో నకలు అడగండి. లావుగా ఉన్నారు కదా అని విటమిన్ మాత్రలు ఆపవద్దు. లావుగా ఉన్నవారికి కూడా రక్తహీనత, బి12 లోపం వస్తాయి. బైపాస్ అయినవారు ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్, బ్రూఫెన్ మాత్రలు సొంతంగా వేసుకోరాదు, పుండ్లు పడతాయి. రెండు మూడు రోజులు వాంతులు ఆగకపోయినా, నడక తూలినా, చూపు రెండుగా కనబడినా, మలం నల్లగా వచ్చినా అదే రోజు తీసుకురండి.

ఆ భర్త ఈ మధ్య చెకప్‌కు తానే వెంట వస్తున్నారు. బరువు చూసే మిషను దగ్గర మాత్రం అవతలికి వెళ్ళి నిలబడతారు. ఆమె అడిగారట, అలా చేయమని.

ప్రశ్నలుంటే చీటీ మీద వ్రాసి సిస్టర్‌గారికి ఇవ్వండి. పేరు వ్రాయనక్కరలేదు.