క్రీమ్ బిస్కెట్ ఇంట్లోనే: జొన్నపిండితో, ఓవెన్ లేకుండా

బోథ్ నుంచి మీ అక్కను. ఇయ్యాల రెండు బిస్కెట్ల నడుమ క్రీమ్ పెట్టి చేసే బిస్కెట్. ముందుగాల నేను చేసిన తప్పు చెప్త, అసలు కిటుకు అందులోనే ఉంది.

పోయిన ఏడు మా చెల్లె నిర్మల్‌ల హాస్టల్లో చేరింది. "మా అక్క ఓరియో లెక్క చేస్తది" అని రూంల అందరికీ చెప్పుకుంది. నేను కోవా క్రీమ్ పెట్టి డబ్బా నిండా పంపిన. మూడో రోజు ఫోన్ చేస్తే "బాగున్నయ్ అక్కా" అన్నది. సెలవులకు వచ్చినంక తెలిసింది. బిస్కెట్లు మెత్తవడి, కోవా పులిసి, ఎవరూ చూడకముందే తనే పారేసిందట. మస్తు సిగ్గనిపించింది.

ఎందుకట్ల అయింది? కోవాల తడి ఉంటది. పొడి బిస్కెట్ ఆ తడిని గుంజుకుంటది. దుకాణం బిస్కెట్ నెలలు కరకరలాడుతుందంటే, దాని క్రీమ్‌లో నీళ్లు దాదాపు ఉండవు. చక్కెర, గడ్డకట్టే నూనె, అంతే. అన్నట్టు, ఓరియో అమెరికాలో 1912ల వచ్చింది. గట్లాంటిదే హైడ్రాక్స్ 1908లనే ఉంది. జనం మాత్రం హైడ్రాక్సే కాపీ అనుకున్నరు!

సరే, పిండి. ఒక కప్పు జొన్నపిండి, అర కప్పు గోధుమపిండి జల్లించుకోండి. ఒట్టి జొన్నపిండితో చేస్తే విరిగిపోతయ్, దాంట్ల జిగురు ఉండదు. రొట్టె చేసేటప్పుడు అమ్మ వేడినీళ్లు ఎందుకు పోస్తదో యాదికి తెచ్చుకోండి. అర కప్పు నెయ్యి, అర కప్పు చక్కెర పొడి, చిటికెడు ఉప్పు వేసి కలపండి. ముద్ద కాకపోతేనే రెండు చెంచాల పాలు. అరగంట పక్కన పెట్టి, పల్చగ ఒత్తి, చిన్న మూతతో గుండ్రంగ కోయండి.

మందం గిన్నెల ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, మూతేసి పది నిమిషాలు వేడి చేయండి. బిస్కెట్ల ప్లేటు లోపల పెట్టి, సన్న మంట మీద ఇరవై నిమిషాలు. తీసినప్పుడు మెత్తగనే ఉంటయ్, పరేషాన్ కావద్దు. సల్లారితే గట్టివడతయ్.

ఇగ క్రీమ్. ఏంచి పొట్టు తీసిన పల్లీల పొడి అర కప్పు, చక్కెర పొడి అర కప్పు, గడ్డకట్టిన నెయ్యి మూడు చెంచాలు. నీళ్లు, పాలు ఒక్క చుక్క వద్దు. బెల్లం కూడా వద్దు, గాలిల తేమ పీల్చుకుంటది. బిస్కెట్లు పూర్తిగ సల్లారినంకనే పెట్టండి, లేకుంటే నెయ్యి కరిగి కారిపోతది. మన ఆదిలాబాద్ చలికాలంల ఈ క్రీమ్ రాయి లెక్క నిలుస్తది. ఎండకాలం అయితే బిస్కెట్లు వేరే, క్రీమ్ వేరే డబ్బాల పంపుడే మేలు.

సంక్రాంతి సెలవులు అయిపోయినంక మళ్లా డబ్బా కట్టిచ్చిన. చెల్లె తీసుకుపోనన్నది. అమ్మ సంచిల దాచిపెట్టింది. పది రోజులకు ఫోన్ వచ్చింది. వెనక పిల్లల లొల్లి వినిపిస్తున్నది.

"అక్కా, గిన్నేనా పెట్టింది?"