పేరు చెప్పే ముందు
(షోయబుల్లా ఖాన్ స్మృతిలో వికారాబాద్‌లో చేసిన ప్రసంగం)



మొన్న తాండూరు నుంచి రైల్లో వస్తుంటే నా ఎదురుగా ఇంటర్ చదివే పిల్లవాడు కూర్చున్నాడు. పక్కనున్న పెద్దాయన మాటల్లో పెట్టాడు. ఏ ఊరంటే చెప్పాడు. నాన్న బండల పాలిష్ మిషన్ మీద పని చేస్తాడన్నాడు. పేరడిగితే మాత్రం ఆగాడు. కిటికీ వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. అంతలో ఇంటి నుంచి ఫోన్. సలాం లేదు, అమ్మీ అన్న పిలుపు లేదు. "ఆఁ, వస్తున్న" అని పెట్టేశాడు. అతన్ని అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. పెద్దాయన జామకాయ కోసి సగం చేతిలో పెట్టాడు కూడా. మరి ఆ తడబాటు ఎక్కడిది? ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలేనాటికి ఆ పిల్లవాడు పుట్టనే లేదు. తర్వాత హైదరాబాద్‌లో ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. 2012లో ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పట్టుకెళ్లిన నాటి ఫొటో గుర్తున్నంతగా విడుదలైన నాటి వార్త ఎవరికి గుర్తుంది?

2020 మార్చిలో అతనికి పదకొండేళ్లు ఉంటాయేమో. ఢిల్లీలో తబ్లీగీ జమాత్ వారి నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లొచ్చినవాళ్లలో కరోనా బయటపడింది. అది జనానికి చెప్పాల్సిన వార్తే. కానీ 'కరోనా జిహాద్' అన్న మాట వార్త కాదు. అది పిల్లవాడి ఇంటి గడప మీద రాసిన నింద. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ మీడియా ప్రచారాన్ని తప్పుపట్టింది. అప్పటికి ఆ మాట బడి దాకా చేరిపోయింది.

సినిమాల్లో మంచిగా చూపించినా బాధ తప్పలేదు. 'ఖడ్గం'లో ప్రకాష్‌రాజ్ వేసిన ఆటో డ్రైవర్ అంజద్‌ను చూసి నేనూ కంటతడి పెట్టుకున్నాను. తర్వాత ఇంటికొచ్చి ఆలోచిస్తే మనసు చివుక్కుమంది. అంత మంచివాడు కూడా తన దేశభక్తికి సాక్ష్యం చెప్పుకుంటూనే ఉండాలా? నిందితుడో, సాక్షో, ఈ రెండు వేషాలే దొరికితే, లెక్కల పరీక్షకు భయపడే మామూలు కుర్రాడు తన ముఖం ఎక్కడ చూసుకోవాలి? ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' కవిత రాసిందీ, 2004లో 'వతన్' ముస్లిం కథల సంకలనం వచ్చిందీ ఈ ఊపిరాడనితనంలోంచే అని నా నమ్మకం.

షోయబుల్లా ఖాన్‌ను కూడా మనం సాక్ష్యంగానే వాడుకుంటున్నాం. 'చూడండి, మంచి ముస్లిం' అంటాం. ఆయన 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని నమ్మాడు, నమ్మింది రాశాడు, 1948 ఆగస్టులో రజాకార్లు చంపేశారు. ఆయన్ని పాత్రికేయుడిగా తలుచుకుందాం.

ఈ ఊరి పేరే పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రాది. టికెట్ కౌంటర్ దగ్గర ఆ పేరు పలకడానికి ఎవరూ గొంతు తగ్గించరు. ఈ సభలో విలేకరులున్నారు, మీకో మనవి. తాండూరులో బండల మిషన్ దగ్గరికి వెళ్లండి. మోచేతుల దాకా బూడిదరంగు బురదతో, తడిబట్టలతో పొద్దంతా నిలబడే ఆ తండ్రిని చూడండి. కూలి ఎంతో, రాతిపొడికి దగ్గు ఎప్పుడు మొదలైందో అడిగి, పేరుతో సహా రాయండి. పండగనాడు సేమ్యా ఫొటో, పేలుడునాడు పాతబస్తీ ఫొటో వేసి ఊరుకోకండి.

మొన్న రైలు వికారాబాద్ రాగానే ఆ పిల్లవాడు దిగిపోయాడు, పుస్తకాల సంచి సీటు మీదే ఉండిపోయింది. పెద్దాయన తలుపు దగ్గరికి పరుగెత్తి, ప్లాట్‌ఫారమంతా వినబడేలా పేరు పెట్టి పిలిచాడు. "సంచి మరిచినవ్ బిడ్డా!" పిల్లవాడు గబుక్కున వెనక్కి తిరిగాడు.