సినిమా లేని పాట

తెలుగులో పాటంటే సినిమా పాటే అనుకుంటాం. హైదరాబాద్ బ్యాండు ‘చౌరస్తా’ ఆ లెక్క తప్పించింది. గిటారుకు, రెగే నడకకు మన యాస జోడించి ‘ఊరెళ్ళిపోతా మామా’ అని పాడితే యూట్యూబ్‌లో మోగిపోయింది. పట్నం మీద విసిగిపోయిన మనిషి గోడు అది. హైదరాబాద్ శివారున ఉన్న మన ఇబ్రహీంపట్నంలో వింటే ఇంకాస్త గుచ్చుకుంటుంది. సాగర్ రోడ్డు పట్టుకుని పట్నమే ఇటు నడిచొస్తోంది మరి!

ఆ పాట గాయకుడు రామ్ మిరియాలను సినిమావాళ్ళు ఊరికే వదులుతారా? 2021లో ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట పాడించారు. 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాటకు బాణీ, గొంతు రెండూ ఆయనవే. సొంత వీడియో పాటలతో పైకొచ్చిన రాహుల్ సిప్లిగంజ్ అయితే 2023లో కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదికెక్కి ‘నాటు నాటు’ పాడాడు.

అందుకే, మన ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్టుల్లో గిటారు పట్టే పిల్లలను ఒక్క సొంత పాటైనా పాడమనండి.