చమురు ధరయు, మన బిడ్డల జీవనోపాధియు
(కోనసీమలోని యొక పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



న్యాయవాదికి చమురుతో నేమి పని యని మీలో కొందఱు తలంచుచుండవచ్చును. చమురు మేము చదివిన విద్య కాదు. కాని చమురు పని పోయినవారు మా గుమ్మము త్రొక్కుచున్నారు. వారి కాగితములు చదివి చదివి యీ నాలుగు మాటలు చెప్ప సాహసించితిమి.

కొన్నేండ్ల క్రిందట ఒక యువకుడు మా యొద్దకు వచ్చెను. బావులు త్రవ్వు రిగ్గుపై నాలుగేండ్లు పనిచేసినవాడు. ధరలు పడినవి, రేపటినుండి రావలదని నోటిమాటతో పంపివేసిరట. నియామకపత్రమును చూచితిమి. అందు చమురు సంస్థ పేరు లేదు. రిగ్గు యజమాని పేరును లేదు. అతడెన్నడును కన్నెఱుగని గుత్తదారుని పేరు కలదు. గడువు పదునొకొండు నెలలు. బకాయి జీతము రాబట్టగలిగితిమి; కొలువు రాబట్టలేకపోతిమి. "అయ్యా, ధర పెరిగిన మరల పిలుతురా?" యని అతడడుగగా, ఆనాడు మా యొద్ద బదులు లేకపోయెను. నేడు దానికే బదులు చెప్ప ప్రయత్నింతుము.

మొదట ధర సంగతి. 2014 జూన్ మాసమున ముడిచమురు పీపా 110 డాలర్లకు పైబడి అమ్మెను. అమెరికాలో షేలు రాతినుండి తీయు చమురు వెల్లువయ్యెను. నవంబరులో ఒపెక్ దేశములు ఉత్పత్తి తగ్గింపరాదని నిశ్చయించినవి. 2016 జనవరిలో ధర 30 డాలర్లకు దిగువ పడెను. 2020లో మహమ్మారి వలన బండ్లు, విమానములు నిలిచిపోగా, ఏప్రిల్ 20వ తేదీన అమెరికా వాయిదా బేరమున ధర సున్న కంటెను దిగువకు జారెను. సరకు దాచ చోటు లేక అమ్మువాడే కొనువానికి ఎదురు సొమ్ము ఇచ్చుకొనెను! 2022లో ఉక్రెయిన్ యుద్ధముతో మరల 100 దాటెను. 1986లోను ఇట్టి పతనమే కలిగినది. గోదావరికి వరదయు, వేసవి యెండుటయు ఎట్లో, చమురునకు ఈ యెగుడుదిగుళ్లు అట్లే. వరద చూచి యిల్లు కట్టువాడు వేసవిని మఱవరాదు.

చమురు పరిశ్రమ యని ఒక్క మాటతో చెప్పుదుము గాని యది యొక గొలుసు. వెదకుట, త్రవ్వుట, తోడుట, శుద్ధిచేయుట, అమ్ముట. ధర పడిన దినమున వెదకుట, త్రవ్వుట ముందుగా నిలుచును. రేపటి బావికి నేడు సొమ్ము పెట్టువాడుండడు. పారుచున్న బావిని తొందరపడి మూయరు. శుద్ధి కర్మాగారమునకు చమురు ముడిసరకే గనుక, అది చవుకయగుట దానికి తప్పక కీడు కానేరదు. 1957లో విశాఖపట్టణమున ఆరంభమైన శుద్ధి కర్మాగారము ఇట్టి పతనములనెన్నింటినో దాటి నడచినది. రిగ్గుపై పనికిని, కర్మాగారమున పనికిని గల భేదమిదే.

ఇక మరల పిలుతురా యను ప్రశ్న. అమెరికాలో 2014 చివర 1,900 దాపున నున్న రిగ్గులు 2016 మే నాటికి 400 దాపునకు దిగెను. ధర కోలుకొన్న పిమ్మట ఉత్పత్తి పూర్వపు మేరలను దాటెను గాని, రిగ్గులు పూర్వపు సంఖ్యకు రాలేదు. తక్కువ చేతులతో ఎక్కువ చమురు తీయు నేర్పును పతనమే యజమానులకు నేర్పెను. కాబట్టి ఆ యువకునికి మా బదులిది: పిలుతురు, కాని పోయినవారినందఱిని పిలువరు.

ఈ దెబ్బ రిగ్గులతోనే ఆగదు. 2016లో సౌదీ అరేబియాలో చమురు రాబడి తగ్గి గుత్తదారులకు చెల్లింపులు నిలువగా, వేలకొలది భారత కార్మికులు జీతము లేక, తిండికి లేక చిక్కుపడిరి. మన రాయబార కార్యాలయమువారు అన్నము పెట్టవలసివచ్చెను. వారిలో పెక్కుమంది ఇటుక మోసినవారే గాని చమురు ముట్టినవారు కారు. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండియు, మన కోనసీమనుండియు అప్పు చేసి గల్ఫునకు పోవువారు ఈ సంగతి మఱవరాదు.

మన భూమి మాట చెప్పక విరమింపజాలము. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి రెండు నెలలకు పైగా మండెను. 2014 జూన్ 27న నగరము గ్రామమున గ్యాసు గొట్టము పేలి ఇరువదిమందికి పైగా అసువులు బాసిరి. ప్రమాదమున మనకు నిండు వాటా యుండగా, కొలువున గుత్తదారుని దయయే మన వాటా యగుట న్యాయమా? తొలగింపబడినవారి పట్టిక నుంచి, పనులు సాగినపుడు వారినే ముందు పిలువవలెనని మనము గట్టిగా అడుగవలెను.

యువకులారా! చమురు విద్య వలదని మేమనము. 2016లో విశాఖపట్టణమున అందుకై జాతీయ విద్యాసంస్థయే వెలసినది. కాని చమురునకే పనికివచ్చు నేర్పుతో తృప్తిపడకుడు. వెల్డింగు, విద్యుత్తు, యంత్రముల మరమ్మతు, రసాయన ప్రక్రియ, వీనిలో నొకటి చేతనున్నవాడు రిగ్గు ఆగినను వేఱొకచోట అన్నము తినగలడు. మంచి జీతము వచ్చు దినములలో చెడ్డ సంవత్సరమునకు కొంత దాచుడు. లైసెన్సు లేని దళారిని 1983 నాటి వలస చట్టమే నిషేధించినది. వాని చేత సొమ్ము పోయకుడు.

చివరి మాట. వారమున కొక సాయంకాలము మేమీ పఠనమందిరమున కూర్చుండెదము. కొలువు కాగితము వచ్చినవారు తెచ్చి చూపుడు. ఎవరి పేర నున్నదో, గడువెంతయో, తీసివేసిన నేమి యిత్తురో కలిసి చదువుదము. ఆ యువకుడు నాలుగేండ్లు ఆలస్యముగా వచ్చెను. మీరు సంతకము చేయకమునుపే రండు.