కౌమారస్థౌల్య నివారణము: పాఠశాలల బాధ్యత



చరకుడు సూత్రస్థానము 21వ యధ్యాయమున అతిస్థౌల్యమునకు గురుమధురాహారములను, వ్యాయామలోపమును, పగటినిద్రను కారణములుగా బేర్కొనెను. తెల్లవాఱినది మొదలు ప్రొద్దుపోవువఱకు బల్లకడ గూర్చుండి, విరామమున వేపుళ్లును తీపిపానీయములును సేవించు మన పిల్లలయందు మొదటి రెండును ప్రత్యక్షములు.

5 మొదలు 17 ఏండ్లవారు దినమునకు సగటున 60 నిమిషములైనను శ్రమింపవలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ వచించుచున్నది. కొవ్వు, ఉప్పు, చక్కెర మిక్కుటములైన పదార్థములను పాఠశాలావరణమునను, ద్వారమునకు 50 మీటర్లలోపలను విక్రయింపరాదని మన దేశమున 2020వ సంవత్సరపు నిబంధనలు విధించినవి. శాసనమున్నది, దానిని నడపించువారు కావలెను.

సింగపూరు 1992లో స్థూలకాయులగు విద్యార్థులను వేఱుచేసి వ్యాయామము చేయించెను. స్థౌల్యము కొంత తగ్గెను గాని పిల్లలు పరిహాసమునకు గుఱియైరి. 2007లో నా పద్ధతిని విడిచి, ఎల్లవిద్యార్థులకును వర్తించు విధానము నవలంబించిరి. ఒకని వేలెత్తి చూపక యందఱను ఆడింపుడనుటయే యిందలి నీతి.

కావున నా మనవులు మూడు: మన వసతిగృహములందు సాయంకాలమున నొక గంట యాటలకే విడువుడు, రజస్వలయైన బాలికకు నాట మాన్పింపకుడు, గదులకు విరాళమొసగు దాతలు క్రీడాస్థలమునకును నొసగుడు. బిడ్డ దేహమును గాపాడని విద్యాదానము సగము దానమే.

స్వస్తి.