చేతిపనులద్వారా దూరదేశ పరిచయము: పిల్లలకు మెక్సికో
(గ్రంథాలయ రజతోత్సవమున బాలల విభాగమును గూర్చి చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా పల్లెలో విజ్ఞానదీపము ఆరకుండ కాపాడిన ఈ గ్రంథాలయమునకు ముందుగా నా నమస్సులు. బాలల విభాగమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆదేశించినారు. అక్షరములు రాని పసివారికి గ్రంథాలయమున పనియేమని కొందరు ప్రశ్నింతురు. కన్ను అక్షరమును గుర్తింపకముందే చేయి కాగితమును మడుచుట నేర్చును. ఆ చేతికి తగిన పని కల్పించినచో, ఒక దూరదేశమును పసివానికి చుట్టముగా చేయవచ్చును. ఉదాహరణముగా మెక్సికో దేశమును తీసికొందము.

మెక్సికో అమెరికా సంయుక్త రాష్ట్రములకు దక్షిణమున నున్నది. 1521లో స్పెయిన్‌వారు అచటి రాజధానిని జయించి మూడువందల ఏండ్లు ఏలిరి. 1821లో ఆ దేశము స్వతంత్రమయ్యెను. స్పానిష్ గాక 68 ఆదివాసి భాషా సముదాయములు నేడు అచట గుర్తింపు పొందియున్నవి.

ఇంత చెప్పినను పిల్లవానికి ఏమియు పట్టదు. కావున మొదటి పాఠము వంటయింటినుండి ప్రారంభింపవలెను. ఒక పళ్ళెములో ఎండుమిరపకాయ, మొక్కజొన్న కంకి, సపోటా పండు, బంతిపువ్వు ఉంచి, ఇవి ఎచటివని అడుగుడు. అన్నియు మనవేయని పిల్లలందురు. కాని వీటి పుట్టినిల్లు మెక్సికో ప్రాంతమే. పోర్చుగీసువారి ఓడలలో వచ్చిన మిరప గుంటూరు సీమకు పేరు తెచ్చినది. సపోటా, టమాటా అను పేర్లు సయితము అచటి నాహువా జనుల భాషనుండి పుట్టినవే. ఇది తెలిసిన పిల్లవాడు ఆ దేశమును పరాయిదనుకొనడు.

ఇక చేతిపనులు. మొదటిది కాగితపు తోరణము. స్పానిష్ భాషలో దీనిని పాపెల్ పికాడో అందురు. ప్వెబ్లా రాష్ట్రమందలి సాన్ సాల్వడోర్ విష్కొలొత్లా అను ఊరు ఈ పనికి ప్రసిద్ధి. అచటి పనివారు పదుల కొలది పలుచని కాగితములను దొంతరగా పేర్చి, ఉలితో, సుత్తితో పూలను, పక్షులను చెక్కుదురు. మన పిల్లలకు గాలిపటముల కాగితమును, మొనలేని కత్తెరయు చాలును. జానెడు కాగితమును రెండు మూడు మడతలు పెట్టి, మడత అంచులలో అర్ధచంద్రములు, ముక్కోణములు కత్తిరింపవలెను. పై అంచున రెండు వ్రేళ్ళ వెడల్పు వదలి, దానిని దారముపై మడిచి జిగురుతో అంటింపవలెను. మామిడాకు తోరణము ఎరిగిన పిల్లలకు దీని అర్థము విప్పి చెప్పనక్కరలేదు.

రెండవది దేవుని కన్ను. పశ్చిమ సియెర్రా మాద్రే పర్వతములలో నివసించు విరారికా జనులు దీనిని అల్లుదురు. బిడ్డ పుట్టినపుడు తండ్రి ఒక కన్ను అల్లి, అయిదేండ్లు నిండువరకు ఏటేట ఒక కన్ను చేర్చునని చెప్పుదురు. జానెడు వెదురు పుల్లలు రెంటిని అడ్డముగా పెట్టి నడుమ బిగించి కట్టుడు. పిదప రంగుల ఉన్నిదారమును ఒక పుల్లచుట్టు ఒక మారు త్రిప్పి, ప్రక్క పుల్లకు పోనిండు. ఇట్లే వరుసగా చుట్టుచు నడుమనడుమ రంగు మార్చినచో కన్ను ఏర్పడును. ఇది వారికి బిడ్డ క్షేమముకొరకు చేయు ప్రార్థన. ఆ మాట చెప్పకుండ ఈ పని నేర్పుట తగదు.

మూడవది పిన్యాటా. డిసెంబరు 16 మొదలు 24 వరకు తొమ్మిది రాత్రులు జరుగు క్రిస్మస్ వేడుకలలో దీనిని కొట్టుదురు. పూర్వము మట్టికుండకు రంగుకాగితములు అంటించి, ఏడు కొమ్ముల నక్షత్రముగా చేసి, వేరుసెనగకాయలు, చెరకు ముక్కలు, పండ్లు నింపెడివారు. నేడు కాగితపు గుజ్జుతో చేసినవే ఎక్కువ. ఏడు కొమ్ములు ఏడు పాపములకు గుర్తులందురు. కన్నులు కట్టుకొని కఱ్ఱతో కొట్టవలెను. మన కృష్ణాష్టమి ఉట్టిని చూచిన పిల్లలకు ఇది ఎంత ఆనందము! ఊదిన బుడగపై, మైదాపిండితో కాచిన జిగురులో తడిపిన వార్తాపత్రికల ముక్కలు మూడు పొరలుగా అంటించి, ఒక్కొక్క పొరను ఆరనిచ్చి, తుదకు బుడగను పగులగొట్టినచో పిన్యాటా సిద్ధము. కొట్టువేళ తక్కిన పిల్లలను దూరముగా నిలుపుట పెద్దల పని.

నాలుగవది కాగితపు బంతిపువ్వు. ఇచట తల్లులకు ఒక మనవి. మెక్సికో బొమ్మలలో నవ్వుచున్న పుర్రెలు కనబడును. పసివారికి ఈ అశుభమేలయని మీకు తోచుట సహజమే. నవంబరు 1, 2 తేదీలలో అచటి కుటుంబములు గతించినవారిని తలచుకొని, బంతిపూలతో వారికి దారి చూపి, వారికి ఇష్టమైన వంటకములను పెట్టుదురు. చక్కెర పుర్రె నుదుట స్నేహితుని పేరు వ్రాసి బహూకరింతురు. అది భయపెట్టుటకు కాదు. మరణమును ఇంటిమాటగా చేసికొనుటకు. 2008లో యునెస్కో ఈ ఆచారమును మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చినది. మహాలయ పక్షమున పితరులను తలచు మనకు ఇది ఏల అర్థము కాకపోవలెను? ఆచారములు వేరైనను మమకారము ఒక్కటే. చిన్నపిల్లలకు పూవు చాలును. పుర్రెను గూర్చి అడుగు ఈడు వచ్చినపుడు నిజము చెప్పుడు.

మరియొక హెచ్చరిక. వెడల్పు టోపీ, అంటించిన మీసము పెట్టి, ఇదియే మెక్సికోయని పిల్లలను నవ్వింపకుడు. పాములవానిని, ఏనుగును చూపి ఇదియే భారతదేశమని ఎవరైన నవ్వినచో మనము సహింతుమా? పని నేర్పునపుడు అది ఏ జనులది, ఏ ఊరిది, ఏ దినమునకొరకు అన్న మూడు మాటలు చెప్పి, పటములో ఆ చోటు చూపవలెను. అట్లు చెప్పని పని వట్టి కాగితపు ముక్కగా మిగులును. పిల్లవాని వంకర పనిని పెద్దలు సరిదిద్దరాదు. ఆ వంకరలోనే వాని శ్రమయున్నది.

తుదకు ఒక సంగతి. 1921లో మెక్సికో విద్యామంత్రియైన హొసే వస్కొన్సేలోస్ దేశమంతట గ్రంథాలయములు నెలకొల్పెను. ప్రజలకొరకు మహాగ్రంథములను అచ్చువేయించెను. ఆ వరుసలో హోమరు, ప్లేటోల సరసన మన రవీంద్రనాథ ఠాకూరు రచనలకును స్థానము దక్కెను. నిరక్షరాస్యతతో పోరాడుచున్న దినములలోనే వారు మన కవిని తమ ప్రజల చేతులలో ఉంచిరి. వారి రంగుకాగితమును మన పిల్లల చేతులలో ఉంచుట మనకు భారమా?

ఈ గ్రంథాలయమున పక్షమునకు ఒక సాయంకాలము బాలల చేతిపనులకు కేటాయింపుడని కార్యవర్గమువారిని వేడుకొనుచున్నాను. నేడు తోరణము కత్తిరించిన చేయి రేపు పుస్తకము తెరచును.